విద్యుచ్ఛాసనము: బాకీ యెవరిది? శిక్ష యెవరికి?

2003వ సంవత్సరపు విద్యుచ్ఛాసనమున 65వ సెక్షనును చదివినవారు మన చదువరులలో నెందఱుందురో యెఱుగము. ఒక తరగతి వినియోగదారులకు ధర తగ్గింపగోరు రాష్ట్రప్రభుత్వము ఆ తగ్గింపుసొమ్మును ముందుగనే పంపిణీసంస్థకు చెల్లింపవలెనని అది విధించుచున్నది. ఇంతవరకు న్యాయముగనే యున్నది. చెల్లింపకున్న నేమగును? రాయితీ యుత్తరువు చెల్లదట; నియంత్రణమండలి నిర్ణయించిన పూర్తిధరయే యికమీదట వర్తించునట! అనగా బాకీపడినది సచివాలయము, దండుగ కట్టవలసినది పొలములోని రైతు. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యింటిలో నవ్వులాట కావచ్చును, శాసనమునకు తగునా?

అట్టి యుత్తరువు నిచ్చు సాహసము ఏ మండలికి గలదు? తెలుగుదేశమునకు ఈ విషయము కొత్త కాదు. 1998లో సంస్కరణల చట్టము వచ్చెను. 2000లో ఛార్జీలు పెరిగెను. ఆ యేడు ఆగష్టు 28వ తేదీన హైదరాబాదు బషీర్‌బాగులో నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరుపగా మువ్వురు మరణించిరి. 2004లో ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచితవిద్యుత్తు వచ్చినది. 2018 జనవరి నుండి తెలంగాణములో దానిని ఇరువదినాలుగు గంటలకు విస్తరించిరి. ఇట్లిచ్చుట తప్పని మేము వాదింపము. ధవళేశ్వరపు టానకట్ట క్రింది రైతునకు నీరు పల్లమునకు తానై పాఱి వచ్చుచున్నది. ఆ యానకట్ట ప్రజల సొమ్ముతోనే కట్టినది. అనంతపురములో, నల్లగొండలో బోరు త్రవ్వించి అప్పులపాలైన రైతు పాతాళమునుండి నీటిని తోడుకొనవలసియున్నది. వానికి కరెంటు ఊరక యిచ్చినంతమాత్రమున దేశము మునిగిపోవునని గోలచేయువారు కాలువనీటి లెక్కను ఒక్కసారి చూడవలెను.

మా తగవు దాతృత్వముతో కాదు, ఎగవేతతో. సొమ్ము సకాలమున రానప్పుడు పంపిణీసంస్థ అప్పుచేయును, ఉత్పత్తిదారులకు బాకీపడును. ఆ వడ్డీ యేదో రూపమున అందఱి నెత్తిని పడును. 2015లో ‘ఉదయ్’ పథకముక్రింద పంపిణీసంస్థల ఋణములలో మూడువంతులు రాష్ట్రములే తలకెత్తుకొనవలసివచ్చెను. అంతటితో తీరెనా? దేశమున ఆ ఋణములు మరల పెరిగినవి. మూలమున కారుచున్న కుండలో నీరెంత పోసిన నేమి?

కొలతమాట వేఱు. సరియైన మీటరు లేనిదే విద్యుత్తు సరఫరా చేయరాదని 55వ సెక్షను 2003లోనే రెండేండ్ల గడువు పెట్టినది. గడువును పొడిగించు నధికారమును మండలికే యిచ్చినది. పంపుసెట్టుల వాడకము కొలతకు మాఱుగా అంచనాకు వదలిన చోట్ల తీగలలో పోయినదియు, దొంగలు గుంజుకొన్నదియు రైతు ఖాతాలో కలియుట సులభము. రైతు మీటరును చూచి భయపడుటలో ఆశ్చర్యము లేదు. నేడు మీటరు, రేపు బిల్లు అని వాని శంక. అట్లైన ట్రాన్స్‌ఫార్మరు కడనే కొలువుడు. ఊరి పొలముల మొత్తము తెలియును, ఏ రైతు పేరను బిల్లు పుట్టదు.

ఇన్నిటికంటె వింతయైనది 108వ సెక్షను. ప్రజాహితవిధానములందు ప్రభుత్వము వ్రాతమూలముగ మండలికి ఆదేశము లియ్యవచ్చును. ఒక యాదేశము అట్టిదగునా కాదా యని సందేహము కలిగెనేని తీర్చువా రెవరు? ఆ ప్రభుత్వమే! వాదియు తానే, న్యాయాధిపతియు తానే యైనపుడు మండలి స్వతంత్రమనుట మాటవరుసకే గదా.

2014లోను, 2022లోను లోకసభలో ప్రవేశపెట్టిన సవరణబిల్లులు రెండును ఆయా సభలతోపాటే కాలముచేసినవి. ఒకే తీగపై పలువురు వర్తకులు కరెంటు నమ్ముటయే వాని ముఖ్యచింత. పోటీ మంచిదో కాదో పిదప చూతము. లాభమున్న పట్టణములకు వర్తకులు పోటీపడుదురు గాని పంపుసెట్టులకొఱకు ఎవడు పోటీపడును?

విద్యుత్తు ఉమ్మడిజాబితాలోనిది, కేంద్రము చేయి చాచరాదని రాష్ట్రములు పలుకుచున్నవి. ఇచ్చుటయు మానుటయు వారి యిష్టమే కానిండు. మేము కోరునది యింతే: చెల్లింపని రాయితీ గడువు దాటిన నాటినుండి రాష్ట్రఖజానా వడ్డీతో తీర్పవలసిన ఋణమని 65వ సెక్షనున వ్రాయవలెను, దానిని అప్పీలు ట్రైబ్యునలు మూలమున రాబట్టుకొను హక్కు పంపిణీసంస్థకు నియ్యవలెను, 108వ సెక్షనులోని తుదితీర్పును ప్రభుత్వము చేతినుండి తీసి ఆ ట్రైబ్యునలు చేతనే పెట్టవలెను. పార్లమెంటునకు మనము పంపిన సభ్యులను ఈ మూడు సంగతులే అడుగుదము.