మ్యూనిక్‌లోనూ కుదురుకోని డొనోవన్

అమెరికా ఫుట్‌బాల్ స్టార్ లాండన్ డొనోవన్ బయెర్న్ మ్యూనిక్ నుంచి ఒట్టి చేతులతో ఇంటిదారి పట్టాడు. 2009 జనవరిలో లోన్‌పై వచ్చిన ఈ ఫార్వర్డ్ బుండెస్‌లిగాలో ఆడింది 6 మ్యాచ్‌లే. ఒక్క గోల్ లేదు. 2008లో లాస్ ఏంజెలిస్ గెలాక్సీ తరఫున 20 గోల్స్ కొట్టి అమెరికా లీగ్‌లో టాప్ స్కోరర్‌గా నిలిచింది ఇతనే అంటే నమ్మబుద్ధి కాదు.

జర్మనీ అతనికి కొత్తేం కాదు. 1999లో, 17 ఏళ్లకే బేయర్ లెవర్‌కుసెన్‌లో చేరాడు. అక్కడ చోటు దొరక్క 2001లో శాన్ హోసేకు వెళ్లి రెండు టైటిళ్లు గెలిచాడు. 2005లో మళ్లీ లెవర్‌కుసెన్ వచ్చి, నెలల్లోనే తిరుగుటపా కట్టాడు. 2009లో వచ్చింది మూడోసారి. 'ఇంటి బెంగ ఎక్కువ' అన్న పాత మాట మళ్లీ లేవడంలో వింత లేదు.

కానీ తప్పంతా అతనిదే అనడం అన్యాయం. లూకా టోనీ, క్లోజ్ ఉన్న జట్టులో ఆట చివర్లో దింపితే ఎవరైనా ఏం చూపిస్తారు? 2006 ప్రపంచకప్‌లో ఉత్తమ యువ ఆటగాడు పొడోల్స్కీ అంతటివాడే అక్కడ బెంచీకి విసిగి 2009లో కొలోన్‌కు తిరిగి వెళ్లాడు. పైగా డొనోవన్‌ను కోరి తెచ్చుకున్న అప్పటి కోచ్ క్లిన్స్‌మన్ మీదే ఒత్తిడి ఉండేది. అలాంటప్పుడు ప్రయోగాలు ఎక్కడ?

అదే గెలాక్సీ నుంచి, అదే జనవరిలో మిలాన్ వెళ్లిన బెక్‌హామ్‌కు మాత్రం లోన్ పొడిగించారు. అతను మాంచెస్టర్, మాడ్రిడ్ చూసొచ్చినవాడు, యూరప్‌లో కొత్తగా నిరూపించుకోవాల్సింది ఏమీ లేదు. డొనోవన్‌కు ఆ వెసులుబాటు లేకపోయింది. రెండు నెలల్లోనే తేల్చేశారు. అప్పటికి వయసు ఇంకా 27, మరుసటి ఏడాది 2010లో ప్రపంచకప్ ఉండింది. ఈలోగా యూరప్‌లో మరో క్లబ్ పిలిస్తే, అది జర్మనీ కాకపోతేనే నయం అనిపించింది.