గడప తెలిసిన బేరం

2025 అక్టోబరు 14న ఢిల్లీలో గూగుల్ కంపెనీ ఒక పెద్ద కబురు చెప్పింది. విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రం కడతామనీ, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామనీ, సముద్రం అడుగునుంచి కొత్త కేబుళ్లు తెచ్చి విశాఖ తీరాన ఒడ్డెక్కిస్తామనీ. ఆనాటి నుంచీ భూములెన్ని, నీళ్లెన్ని, కరెంటెంత, ఉద్యోగాలెన్ని అని రచ్చబండల మీదా టీవీల్లోనూ వాదనలు జరుగుతూనే ఉన్నాయి. జరగవలసిందే. కాని మనకు ఇంకో ప్రశ్న ఉంది. అదే తీరం పట్టుకుని ఉత్తరంగా పోతే శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో భావనపాడు వస్తుంది. అక్కడ చేపల గంప నెత్తినెత్తుకునే మనిషికీ, పలాసలో జీడిపప్పు ప్యాకెట్లు కట్టి అమ్ముకునే ఇల్లాలికీ, పొందూరులో నూలు వడికే అవ్వకీ ఈ కంపెనీతో పనేమిటి?

"మాకేటి సంబంధం తల్లీ!" అంటారు వాళ్లు. సంబంధం ఉంది. అది విశాఖలో కొత్త కేంద్రం కట్టినప్పుడు మొదలయ్యేది కాదు, ఎప్పుడో మొదలైంది.

రేవులో చేపలమ్ముకునే మనిషి వ్యాపారం దేనిమీద నడుస్తుంది? చేపమీద అనుకుంటాం. చేప అందరి గంపలోనూ ఉంటుంది. ఆమె అసలు పెట్టుబడి గడపలు. ఏ ఇంట్లో శనివారం నీచు ముట్టరో, ఎవరింట్లో బాలింత ఉందో, ఆ బాలింత కోసం పాలసొర ఎప్పుడు పట్టుకెళ్లాలో, నెల మొదట్లో వంజరం అడిగిన మేష్టారిల్లు నెలాఖరుకి నెత్తళ్లతో ఎలా సరిపెట్టుకుంటుందో, ఎవరికి అరువివ్వచ్చో ఎవరికి కూడదో... అంతా ఆమె తలలో ఉంటుంది. కార్తీకమాసంలో గిరాకీ పడిపోతుందని ఆమెకెవరూ పాఠం చెప్పలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులకీ ఎంత ఎండుచేప దాచుకోవాలో ఆమెకు తెలుసు. మార్కెటింగ్ చదువులు చదివినవాళ్లు పెద్ద జీతాలు తీసుకుని చేసేది ఈ పనే. ఎవరికేం కావాలో, ఎప్పుడు కావాలో, ఎంతకు కొంటారో తెలుసుకోవడం.

గూగుల్ చేసేదీ అదే. కాకపోతే ఒక ఊరి గడపలు కాదు, లోకం గడపలన్నీ.

ఈ కంపెనీ 1998లో అమెరికాలో పుట్టినప్పుడు దాని పని ఒక్కటే, అడిగినది వెతికి చూపించడం. 2000 అక్టోబరులో చిన్న వ్యాపారి కూడా సొంతంగా ప్రకటన పెట్టుకునే ఏర్పాటు తెచ్చింది. తర్వాత వరస చూడండి. 2004లో ఉచిత మెయిల్. 2005లో మ్యాపులు. అదే ఏడాది ఆండ్రాయిడ్ కంపెనీని కొనేసింది. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఫోన్లలో ఎక్కువ భాగం దానిమీదే నడుస్తున్నాయి. 2006లో 165 కోట్ల డాలర్లకు యూట్యూబ్ కొనుక్కుంది. 2008లో క్రోమ్ వచ్చింది. 2017లో తేజ్ పేరుతో డబ్బు పంపే యాప్ వచ్చి, మరుసటేడు గూగుల్ పే అయింది. 2017లోనే తెలుగులో మాట్లాడి వెతికే సౌకర్యం కూడా వచ్చింది. ఇక కీబోర్డు రాదనే బెంగ లేదు, నోరుంటే చాలు.

వీటిలో దేనికీ మన దగ్గర రొక్కం పుచ్చుకోలేదు కదా, ఇంత ధర్మం ఎందుకు చేస్తున్నాడని మన అమ్మమ్మలైతే అడిగేవారు. 2024లో ఈ కంపెనీ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయం సుమారు 35,000 కోట్ల డాలర్లు. అందులో నాలుగింట మూడు వంతులు ప్రకటనలమీద వచ్చిందే. అంటే మెయిలూ, మ్యాపూ, వీడియో అన్నీ గడప తెలుసుకునే మార్గాలే. ఏం వెతికాం, ఏం చూశాం, ఎటు వెళ్లాం... గంపలామె తలలో ఉండే లెక్క లాంటిదే కంపెనీ దగ్గర తయారవుతుంది. ఆ లెక్కను ఊరికే ఉంచుకోదు. సరుకు అమ్ముకోవలసిన వాళ్లకు పాట పెడుతుంది.

పాట అంటే భావనపాడు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. పడవ ఒడ్డుకొస్తుంది, చేపలు ఇసకమీద కుప్ప పోస్తారు, పాట మొదలవుతుంది. నలుగురు ఆడవాళ్లు కలిసి కొంగుముళ్లు విప్పి పాడుకుంటారు. ఐసు పెట్టెలూ వ్యానూ ఉన్న వ్యాపారి వచ్చాడంటే వాళ్ల గొంతు తగ్గిపోతుంది. గూగుల్ ప్రకటనలూ సరిగ్గా ఇలా పాటలోనే అమ్ముడవుతాయి. బెంగళూరులో ఉన్న ఒక అమ్మాయి ఫోనులో "పొందూరు ఖద్దరు చీర" అని వెతికింది అనుకోండి. రెప్ప కొట్టేలోగా ఆ మాటమీద పాట జరిగిపోతుంది. ఎవరు ఎంత ఇస్తామన్నారు, ఎవరి ప్రకటన ఆ మాటకు బాగా అతుకుతుంది అని రెండూ తూచి, నెగ్గినవాళ్లను పైన చూపిస్తారు. ఆ అమ్మాయి దానిమీద నొక్కితే, నెగ్గినవాళ్లు డబ్బు కట్టాలి. కొనకపోయినా సరే, నొక్కితే కట్టాలి. అయితే తాము పాడినదంతా కాదు, కింద ఉన్నవాళ్లను దాటడానికి చాలినంత.

పద్ధతి మరీ అన్యాయమైనది కాదు. సరుకుకు అతికిన ప్రకటనకు కాస్త విలువ ఇస్తుంది కాబట్టి చిన్నవాళ్లకూ ఒక్కోసారి చోటు దొరుకుతుంది. తేడా ఎక్కడంటే, రేవులో ఎదుటి పాటగాడి ముఖం కనబడుతుంది. ఇక్కడ ఎవరితో పోటీ పడుతున్నామో, వాళ్లు ఎంతవరకూ వెళతారో తెలియదు. పాట నడిపేవాడూ, ఇసక గట్టు సొంతదారూ, తూకం వేసేవాడూ ఒక్కడే.

కొంచెం లెక్క కడదాం. ఒక్కో నొక్కుకు 5 రూపాయలు పడిందనుకోండి. 50 మంది నొక్కితే ఒకరు కొన్నారనుకోండి. ఒక్క కొనుగోలుదారును తెచ్చుకోవడానికి 250 రూపాయలు ఖర్చయినట్టు. ఎండు నెత్తళ్లు కిలో మీద 250 మిగులుతుందా? మిగలదు. అదే పొందూరు చీరమీదైతే మిగలవచ్చు. ఆ చీర కొన్నామె మళ్లీ రెండోసారి నేరుగా మనకే ఫోను చేస్తే ఆ 250 దండగ కాదు. రెండోసారి కూడా గూగుల్‌లో వెతికి, మళ్లీ ప్రకటనమీద నొక్కే వస్తే? అదే మనిషికి రెండుసార్లు వెల కట్టాం! ప్రకటనలు పెట్టమని పోరే ఏజెంట్లు ఈ రెండో లెక్క చెప్పరు.

పొందూరు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కొండపత్తిని వాలుగచేప దవడతో ఏరి శుభ్రం చేసి, చేత్తో వడికి నేసే బట్ట అది. గాంధీగారు మెచ్చుకున్న బట్ట. మన సముద్రం పక్క జిల్లాలో పత్తిని కూడా చేపే దువ్వుతుందని చెబితే బయటివాళ్లు నమ్మరు! ఆ పేరు సంపాదించడానికి తరాలు పట్టింది. ఆ పేరును వెతికినవాళ్లకు తన సరుకు చూపించుకోవాలని ఎవరైనా పాటలో కూర్చోవచ్చు, మరమగ్గం బట్ట అమ్మేవాళ్లు కూడా. సొంత పేరు చేజారకుండా సొంతదారే పాట పాడవలసి రావడం ఎంత విడ్డూరం! ట్రేడ్‌మార్కు పేర్లను ఇలా ప్రకటనలకు వాడే విషయంలో 2023 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. పేరు వాడుకున్నంత మాత్రాన తప్పు కాకపోవచ్చు గాని, జనం మోసపోయేలా వాడితే, నేను ఊరికే మధ్యలో ఉన్నవాణ్ణని గూగుల్ తప్పించుకోలేదని. పెద్ద కంపెనీలు పేరు కోసం కోర్టుకెక్కగలవు. వడికే అవ్వలకు ఆ పని చేయవలసింది వాళ్ల సంఘాలూ, ప్రభుత్వమూ.

గూగుల్ కొమ్ములు వంచడానికి ప్రభుత్వాలు కొంత ప్రయత్నం చేయకపోలేదు. 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అమెరికాలోనే 2024 ఆగస్టులో వెతకడం వ్యాపారంలోనూ, 2025 ఏప్రిల్‌లో ప్రకటనల వ్యాపారంలో కొంత భాగంలోనూ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం చలాయిస్తోందని కోర్టులు చెప్పాయి. ఏనుగులు పోట్లాడుకుంటాయి. ఆ లోపల మన సరుకు కుళ్లిపోకూడదు కదా.

అందుచేత గూగుల్ వద్దు, ఫోను పారెయ్యండి అని మనం అనబోవడం లేదు. అలా అనేవాళ్లకు పూట గడిచే బాధ లేదని అర్థం. ఉచితంగా ఇస్తున్నవాటిని గట్టిగా వాడుకోవాలి. మ్యాపులో దుకాణం బోర్డు పెట్టుకోవడానికి కంపెనీ పైసా పుచ్చుకోదు. భావనపాడుకు దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది. చలికాలంలో పక్షుల్ని చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్లో కార్లు కట్టుకుని వస్తారు. దారి చూపేది మ్యాపే. వాళ్లకు మధ్యాహ్నం ఆకలేస్తుంది! చేపల పులుసుతో అన్నం పెట్టే ఇల్లు ఫలానా చోట ఉందని ఒక ఫోను నంబరూ, నాలుగు ఫొటోలూ, తెరిచి ఉండే వేళలూ అందులో పెడితే, ఆ కారు టెక్కలి హోటలుకు పోకుండా ఇటు తిరగవచ్చు. ఊరి పేరుమీద అనుకున్న పోర్టు 2023లో మూలపేట పోర్టుగా శంకుస్థాపన చేసుకుంది. ఇక భావనపాడు అని వెతికినవాళ్లకు పోర్టు పాత వార్తలు కాక ఊరి చేపల పులుసు కనబడితే ఊరికీ మంచిదే.

వీడియోలదీ అంతే. నూరేళ్లు దాటిన మస్తానమ్మ 2018లో పోయేనాటికి ఆమె పొలంగట్టు వంటలు లోకమంతా చూసింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ మాటలు తెలుగువాళ్లున్న చోటల్లా వినబడ్డాయి. ఇద్దరూ సినిమా తారలు కారు. అయితే వాళ్లను చూసి, వీడియోలు పెడితే కంపెనీయే డబ్బులిస్తుందనుకుని దిగకండి. ప్రకటనల్లో వాటా రావాలంటే ముందు వెయ్యిమంది చందాదారులుండాలి. మామూలు పొడుగు వీడియోలమీదైతే ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. ఆ తర్వాత కూడా ప్రకటన డబ్బులో 55 శాతమే మనది. అమ్ముకునే మనిషికి ఆ వాటా ముఖ్యం కాదు. జీడిపప్పు ఎలా కాల్చి వలుస్తారో చూపించి, కింద ఫోను నంబరు పెట్టడం ముఖ్యం.

ఈమధ్య వచ్చినదొకటి కాస్త ఆలోచించవలసిందే. గూగుల్ వెతుకులాటలో కృత్రిమ మేధ తెలుగులోనూ జవాబు చెబుతోంది. ఇన్నాళ్లూ అడిగితే పది దుకాణాల దారి చూపించేది. ఇప్పుడు తనే కూర్చోబెట్టి కథంతా చెప్పేస్తుంది. అడిగినవాళ్లు తృప్తి పడి అక్కడినుంచే లేచిపోతే, మన గుమ్మందాకా వచ్చేదెవరు? మంచి ఎండురొయ్య ఏదో ఎలా గుర్తుపట్టాలో భావనపాడు ఆడవాళ్లు చెబితే, ఆ మాట పనికొచ్చి ఆ మనిషి పేరు పోతే అది నష్టమే.

ఇంటర్నెట్ సాథీ పేరుతో 2015లో గూగుల్, టాటా ట్రస్టులు కలిసి పల్లెటూరి ఆడవాళ్లకు ఇంటర్నెట్ నేర్పించే పని మొదలుపెట్టాయి. నేర్చుకున్న ఆడవాళ్లే ఊరూరా తిరిగి తోటివాళ్లకు నేర్పారు. మంచి పని. అది వెతకడం నేర్పింది. మనల్ని నలుగురూ వెతుక్కుని వచ్చేలా చేసుకోవడం, ప్రకటనకు పెట్టిన రూపాయి తిరిగొచ్చిందో లేదో లెక్క చూసుకోవడం, రెండో పాఠం. ఆ పాఠం చెప్పవలసినవాళ్లు గూగుల్ వాళ్లు కారు. పాట నడిపేవాడే పాడేవాళ్లకు లెక్కలు నేర్పితే ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. పొదుపు లెక్కలు రాసే అలవాటు ఇక్కడి సంఘాలకు పాతదే. నలుగురు కొంగుముళ్లు విప్పి రేవులో కుప్ప పాడుకున్నట్టే, నలభై సంఘాలు కలిసి ఒక్క పేరుమీద ప్రకటన పాడుకుంటే వ్యాను వ్యాపారికి దీటుగా నిలబడగలరు. డ్వాక్రా సమావేశాల్లో అప్పు వాయిదాల తర్వాత ఒక అరగంట దీనికి కేటాయించమని అధికారుల్ని అడగాలి. విశాఖలో అన్ని కోట్లు పెట్టేవారితో ఒప్పందాలు మాట్లాడే ప్రభుత్వాన్ని, చిన్న వ్యాపారుల ప్రకటన లెక్కలు తెలుగులో, అర్థమయ్యేట్టు ఇప్పించమని అడగాలి.

ఈలోగా ప్రతి అమ్మకందారూ ఒక నోటుపుస్తకం కొనుక్కోవాలి. గూగుల్ ద్వారా వచ్చినా, చుట్టాలు చెప్పగా వచ్చినా, కొన్నవారి అనుమతితో పేరు, ఫోను నంబరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు అని రాసుకోవాలి. ఏప్రిల్ మొదటివారంలో, వేట ఆగకముందే, ఆ నంబర్లకు మనమే ఫోను చేసి ఎండుచేప ఎంత కావాలో అడగాలి. ఆ ఫోనుకు పాట లేదు, నొక్కుకు 5 రూపాయలూ లేవు.

ఇంకో మాట. మ్యాపులో బోర్డు పెట్టిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. డబ్బు పంపుతాం, మీ యూపీఐ పిన్ను కొట్టండి అని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ను అక్కర్లేదు.