ఎఱ్ఱమల గవులను కొలుచువా రెవరు?

సికిందరాబాదు తిరుమలగిరికి పేరులోనే గిరి కలదు. ఆ ప్రాంతపు గుట్టలపై ఆడుకొను పిల్లలు రెండు బండల నడుమ చీకటి సందు కనబడగానే గుహ దొరికినదని కేకలు వేయుదురు. నాలుగడుగులు పోవునప్పటికి ఆ సందు ముగియును. అది పిల్లల తప్పు కాదు, రాతి గుణము. అక్కడిది గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏండ్లనాటిది. ఎండకు పగులును, పొరలుగా ఊడును, గాని సున్నపురాయివలె నీటికి కరగిపోదు. దీర్ఘమైన బిలములను చూడగోరు విద్యార్థి సున్నపురాతి సీమకు, అనగా కర్నూలు, నంద్యాల జిల్లాలలోని ఎఱ్ఱమలలకు, ప్రయాణము కట్టవలెను.

ఎఱ్ఱమలలు పెక్కుచోట్ల కత్తితో కోసినట్లు నెత్తి చదునైన కొండలు. పైన మిక్కిలి గట్టి రాతి కప్పు, దాని క్రింద సున్నపురాయి. బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు కప్పులోని పగుళ్ళగుండ దిగి, క్రింది రాతిని యుగముల తరబడి కరగించును. కనుక చదునుమీద ఎంత తిరిగినను ఫలము స్వల్పము. రెండు రాళ్ళ పొరలు కలియు వాలును పట్టుకొని నడువవలెను. ఏ వాగు ఎక్కడ ఉన్నట్టుండి ఇంకిపోవుచున్నదో, ఏ ఊట ఎక్కడ వెలికి వచ్చుచున్నదో గమనింపవలెను. యాగంటి కోనేటికి ఏడాది పొడవున కొండలోనుండి నీరు వచ్చుట భక్తులకు మహిమ, భూగర్భశాస్త్రజ్ఞునికి ఆనవాలు. ఈ రెంటికిని వైరము లేదు. ఇక మండువేసవిలో ఏ కన్నమునుండి చల్లగాలి వీచునో, సందెవేళ గబ్బిలములు ఎక్కడనుండి లేచునో మేకలకాపరులను మించి ఎఱిగినవారు లేరు. వారు గుహను గవి అందురు.

బేతంచెర్ల దాపున ఉన్న బిలస్వర్గమును గూర్చి 1844లో న్యూబోల్డు అను సైనికోద్యోగి వ్రాసెను. 1884, 85లలో రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అచ్చట త్రవ్వి పురాతన జంతువుల ఎముకలను వెలికి తీసిరి. వారు అందలి గుహలకు కెథీడ్రలు, పర్గెటరీ అని పేర్లు పెట్టిరి. బిలమందే స్వర్గమును చూచిన పల్లెవాని నోట ఆ నామము ఎంత సొంపుగా ఉన్నది! ఈ శతాబ్దమున అచ్చటనే పరిశోధించినవారు, 2 లక్షల ఏండ్లుగా ఆ సీమలోని పెద్ద జంతుజాతులలో ఒకటి తప్ప తక్కినవన్నియు భారతదేశమున నిలిచియున్నవని 2014లో ప్రకటించిరి. గుహలోని మట్టిపొరలు లేకున్న ఈ సంగతి ఎవరు చెప్పగలరు?

బేలం కథ మరియొకటి. అది కొండలో లేదు. చదునైన చేల నడుమ బావులవంటి గుంటల క్రింద ఉన్నది. ఫుట్ దానిని 1884లోనే పేర్కొనెను. పొడవునా శోధించి కొలిచిన ఖ్యాతి మాత్రము 1982, 83లలో వచ్చిన జర్మను శోధకుడు డేనియల్ గెబావరు బృందమునకు దక్కినది. కొలత 3,229 మీటర్లు. నడుమ జరిగిన నూరేండ్లలో ఆ చేలమీదుగా ఎందరో బడిపంతుళ్ళు నడిచియుందురు. గుంటలో దిగి త్రాడు పట్టినవారు ఎందరు? జర్మనుల శ్రమ శ్లాఘనీయమే. మన ఉదాసీనత మాత్రము కాదు.

ఇప్పుడు ఆలస్యమునకు మునుపటికంటె వెల హెచ్చు. ఆ సున్నపురాయియే నాపరాయియై ఇండ్లలో పరచబడుచున్నది, సిమెంటగుచున్నది. గనులను మూయుమనుట న్యాయము కాదు. అవి ఎన్నియో కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. కాని ఏ కొండలో ఏ గవి కలదో తెలియక ముందే మందుగుండు పేల్చుట మాత్రము తెలివి కాదు. గని అనుమతి ఇచ్చుటకు ముందు గవుల పటము సిద్ధము చేయవలెనని ప్రభుత్వము నియమింపవలెను. ఆ పనికి సమీప కళాశాలలను పిలువవలెను.

ఉపాధ్యాయులు పిల్లలను వెంటనే బిలములలోనికి దింపనక్కరలేదు, దింపరాదు కూడ. ఊరి పెద్దల నడిగి గవి పేరు, త్రోవ, దానిని గూర్చిన కథ, వేసవిలో నీరుండునా లేదా అనునది పుస్తకమున వ్రాయించుట మొదటి మెట్టు. లోనికి పోవుట అనుభవజ్ఞుల వెంట, వానలు లేని దినములలో, ఒక్కొక్కరికి రెండేసి దీపములతోను జరుగవలెను. ఎముక కనబడినచో దానిని బడి బీరువాకు తేక, ఉన్నచోటనే ఉంచి పురావస్తుశాఖకు తెలుపవలెను. పొర తెలియని ఎముక చిరునామా లేని జాబు వంటిది.