సెలవు రేపు, వాన ఇవాళ

వాన పడ్డాక సెలవు ప్రకటించడంలో మన సర్కార్లది అందెవేసిన చేయి. 2020 అక్టోబర్ 13, మంగళవారం నాడు హైదరాబాద్ తూర్పు అంచున ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ వైపు రోడ్డు మునిగి బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మర్నాడు ప్రభుత్వం రెండు రోజుల సెలవు ఇచ్చింది. ఆ సెలవు ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొచ్చింది. ముందు రోజు సాయంత్రం డ్యూటీ దిగి నడుములోతు నీళ్లలో నిలబడ్డవాళ్లకు అది దేనికి?

దారిలో జనం చిక్కుకుపోవడానికి వాన ఒక్కటే కారణం కాదు. అందరూ ఒకే గంటలో ఇంటికి బయల్దేరడం అసలు కారణం. ఈ సంగతి అమెరికాలోని అట్లాంటాలో ఉన్న మనవాళ్లను అడిగితే ఇంకా బాగా చెబుతారు. 2014 జనవరి 28న, అదీ మంగళవారమే, అక్కడ పడింది బెత్తెడు మంచు. మధ్యాహ్నం అది మొదలవగానే బడులు, ఆఫీసులు, సర్కారు కార్యాలయాలు దాదాపు ఒకేసారి జనాన్ని ఇళ్లకు పంపేశాయి. కార్లు కదల్లేదు. చక్రాల కింద కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి రోడ్డు అద్దంలా అయింది. ఉప్పు చల్లాల్సిన లారీలు ఆ కార్ల మధ్యే ఇరుక్కున్నాయి. పెద్దలు కార్లలో, వేలమంది పిల్లలు బడుల్లో, బస్సుల్లో తెల్లారేదాకా ఉండిపోయారు. ఆ రాష్ట్ర గవర్నర్ నేథన్ డీల్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. రెండు వారాలకే మరో మంచు తుఫాను వచ్చింది. ఈసారి ముందే ఎమర్జెన్సీ ప్రకటించి, బడులు మూసేశారు. రోడ్లు బోసిపోయాయి, జనం ఇళ్లలో ఉన్నారు. మంచును ఎవరూ ఆపలేదు, బయటికి కదిలే వేళను మాత్రం సరిచేసుకున్నారు.

మనకు మంచు లేదు, సాయంత్రం అయిదింటి వాన ఉంది. మెట్రో పైనుంచి పోతుంది కాబట్టి ఎంత వానలోనైనా మనల్ని హబ్సిగూడలో దింపగలదు. అక్కణ్నుంచి నాచారం మీదుగా పారిశ్రామికవాడ ఉన్న మల్లాపూర్ నాలుగైదు కిలోమీటర్లు, కష్టమంతా ఆ చివరి ముక్కలోనే. కంపెనీల షిఫ్టు దిగేది అప్పుడే, స్కూలు బస్సులు తిరిగేదీ అప్పుడే. షేర్ ఆటో దొరకదు, దొరికినా ముందుకు పోదు. నీళ్లు తోడడానికి రావాల్సిన బండి కూడా అదే జామ్‌లో వెనకాల నిలబడి ఉంటుంది.

వేళలు మార్చడం మనకు తెలియని విద్యేమీ కాదు. 2023 జూలై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు గంటలు పంచారు. కొందరు మూడింటికి, మరికొందరు నాలుగున్నరకు లాగౌట్ కావాలన్నారు. మంచి పని చేశారు. కానీ అది ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని లేవగలిగినవాళ్ల కోసం చేసిన ఏర్పాటు. మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల్లో మిషన్ దగ్గర నిలబడేవాళ్లకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఎక్కడిది? ముందు వెళితే జీతం కోస్తారేమోనని భయం, వాన తగ్గేదాకా ఆగుదామంటే గేటు మూసేస్తారేమోనని భయం.

నాలాలు వెడల్పు చేయాలి, చెరువులు విడిపించాలి అని అందరూ అంటున్నారు. కాదనేదేముంది? కానీ 1908 మూసీ వరద తర్వాత, అలాంటి వరదను ఆపడానికి తలపెట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో గానీ పూర్తి కాలేదు, హిమాయత్‌సాగర్‌కు 1927 దాకా పట్టింది. పెద్ద పనులు అట్లాగే నిదానంగా సాగుతాయి. గేటు తెరిచే వేళ మార్చడానికి మాత్రం ఇంజనీర్లు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు.

కుండపోతకు రెండు మూడు గంటల ముందే వాతావరణ కేంద్రం హెచ్చరికలు ఇస్తోంది. ఆ మెసేజ్ ఫోన్లకు వస్తుంది, మనం చూసి పక్కన పెడతాం. అది కంపెనీ గేటు దగ్గర ఆజ్ఞగా మారాలి. వాన దంచుతుంటే షిఫ్టు దిగినవాళ్లను లోపలే ఉండనివ్వాలి, తాగడానికి చాయ్, కూర్చోడానికి జాగా ఇవ్వాలి. ముందు వెళ్లినవాళ్ల జీతం ముట్టుకోకూడదు. వచ్చే వానాకాలంలోపు ట్రాఫిక్ పోలీసులు, కంపెనీల యజమానులు, బడుల యాజమాన్యాలు ఒకచోట కూర్చుని ఎవరు ఎప్పుడు వెళ్లాలో పట్టిక రాసి ప్రతి గేటుకూ అంటించాలి. మొదటి వరుసలో బడి పిల్లలు, రెండో వరుసలో రెండు బస్సులు మారి ఇల్లు చేరే ఆడవాళ్లు, కారున్న మేనేజర్లు అందరికన్నా చివర్న.