నోటికి కళ్లెం

“మా అత్తగారికి ఈమధ్య నోటికి అదుపు లేదండీ, వచ్చినవాళ్ల ముందు ఏదో ఒకటి అనేస్తారు” అని విసుక్కునే కోడళ్లు ఎందరో! చాదస్తమని కొట్టిపారేస్తాం. కానీ నోటిదాకా వచ్చిన మాటను ఆపే పని నుదుటి వెనకున్న మెదడు భాగానిది.

1935లో స్ట్రూప్ అనే అమెరికన్ ఓ పరీక్ష పెట్టాడు. ‘నీలం’ అనే మాట ఎర్ర సిరాతో రాసి, సిరా రంగు చెప్పమంటారు. చదివెయ్యకుండా ఆపుకోవాలి. మనకే తడబాటు! మతిమరుపు జబ్బు గడపదాకా వచ్చిన పెద్దవాళ్లకి మరీ కష్టం. ఇలాంటి పనికి వారిలో కొందరి మెదడు మామూలుకంటే ఎక్కువ శ్రమపడుతుందని స్కానింగుల్లో కనిపించింది.

అందరికీ ఇది ముదరదు. బి12 లోపమో, థైరాయిడో కారణమైతే మందులున్నాయి. కొత్తగా వచ్చిన మార్పయితే డాక్టరుకు చూపించండి. అక్కడ మరుపు సంగతే కాదు, మాట జారడం కూడా చెప్పండి. మొహమాటపడి అదే దాచేస్తాం!