బొమ్మ పడని ఆటగాళ్లు

పోయినసారి హాస్టల్ రోజుల గురించి రాస్తూ ఒక అట్టపెట్టె సంగతి మధ్యలో వదిలేశాను. ఇవాళ అదే.

ఆ పెట్టెలో బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డులుండేవి. గుమ్మలక్ష్మీపురం సంత రోజున చేతిలో చిల్లర పడితే గమ్ కొనేవాళ్లం. నమలడం పేరుకే, అసలు ఆశంతా కార్డు మీదే. మా గుంటల్లో ఒక లెక్క నడిచేది: ఒక కపిల్‌దేవ్ కావాలంటే పెద్దగా పేరులేని ఆటగాళ్లని నలుగుర్ని ఇవ్వాలి. నేనూ ఎందర్నో అలా వదిలేసుకున్నాను.

యూనివర్సిటీకి వెళ్లాక పల్వంకర్ బాలూ గురించి చదివాను. చమార్ కులం, ఎడమచేతి స్పిన్నర్. పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, నెట్స్‌లో వాళ్లకి గంటల తరబడి బంతులు వేస్తూ ఎదిగాడు. హిందూ జట్టుకి అతని వికెట్లు కావాలి, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్‌ని చెయ్యలేదు. ఆ పదవి 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది. (1937 ఎన్నికల్లో ఇదే బాలూని కాంగ్రెస్ అంబేడ్కర్ మీద నిలబెట్టింది, ఓడిపోయాడు. ఆ కథ ఇంకోసారి.) మా పెట్టెలో బాలూ లేడు.

అమెరికాలో బేస్‌బాల్ కార్డుల పిచ్చి మనకంటే చాలా పాతది. హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు పోయింది. అదే దేశంలో 1947లో జాకీ రాబిన్సన్ అడుగుపెట్టేదాకా, అరవై ఏళ్లపాటు పెద్ద లీగుల్లోకి నల్లవాళ్లని రానివ్వలేదు. జోష్ గిబ్సన్ ఆ ఏడాది జనవరిలోనే చనిపోయాడు, 35 ఏళ్లకి. 2024లో నీగ్రో లీగుల లెక్కలు కలిపి చూస్తే బ్యాటింగ్ సగటులో అందరికంటే పైన తేలింది గిబ్సనే.

ఇంతవరకూ రాయడం నాకు సుఖంగానే ఉంది. మా హాస్టల్ జట్టులో కొండమీది ఊరి నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. ఉత్తి కాళ్లతో పరిగెత్తుకొచ్చి బంతి వేస్తే పెద్ద తరగతివాళ్లు కూడా వికెట్లకి అడ్డంగా నిలబడేవాళ్లు కాదు. స్కోరు పుస్తకంలో అతని పేరు చోట ‘సవర’ అని మాత్రమే ఉండేది. రాసింది నేనే. బాలూ ముంత గురించి సభల్లో గొంతు చించుకునే నాకు ఇవాళ్టికీ అతని పేరు గుర్తు రావడం లేదు.

‘అన్నా, గ్రౌండ్ అడగాలి, బూట్లు అడగాలి, ఈ బొమ్మల గోలెందుకు?’ అంటారు కుర్రాళ్లు. న్యాయమే. కానీ రేపు ఐటీడీఏకి గ్రౌండ్ కోసం అర్జీ పెడితే, ఎవరాడతారయ్యా అక్కడ అంటారు. అప్పుడు చూపించడానికి ఏముంది మన దగ్గర? అందుకే ఈ సంక్రాంతి టోర్నమెంట్‌కి సవర, జాతాపు, గదబ, మాల, మాదిగ, రెల్లి పిల్లల్ని ఒక్కొక్కరినీ ఫొటో తీద్దాం. కబడ్డీ ఆడే ఆడపిల్లల్ని కూడా. వెనకవైపు పూర్తి పేరు, ఊరు, చేసిన పరుగులు, పట్టిన పాయింట్లు రాసి పోస్టుకార్డు సైజులో అచ్చు వేయిద్దాం. స్టూడియో ఖర్చు ఎంతైనా సగం నాది.

ఆ హాస్టల్‌లో నాతో చదివినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మన ఫాస్ట్ బౌలర్ పేరేంటో కాస్త చెప్పండి. మొదటి కార్డు అతనిదే వేయించాలి.