పాల్మా చౌక్‌లలో

స్పెయిన్ అనగానే మా ఉర్దూ మిత్రులు కొర్దోబా మసీదును తలచుకొని నిట్టూర్చుచుందురు. మేమును ఆ నిట్టూర్పు వినుచు పెరిగినవారమే. మధ్యధరా సముద్రమందలి మయోర్కా ద్వీపమునకు వెళ్ళి, పాల్మా నగరపు చౌక్‌లలో తిరిగి వచ్చిన పిమ్మట ఆ నిట్టూర్పు చాలదని మాకు తోచినది.

902లో ముస్లిములు జయించిన ఈ నగరము మదీనా మయూర్ఖా అనిపించుకొన్నది. 1229 డిసెంబరు 31న అరగాన్ రాజు మొదటి జౌమే దానిని పట్టుకొన్నాడు. ఎస్పాన్యా చౌక్‌లో ఆయన అశ్వారూఢ విగ్రహమున్నది. ఏటేటా అదే తేదీన కోర్ట్ చౌక్‌లో ఆనాటి పతాకమునకు ఉత్సవము జరుగును. ఓడినవారి స్మారకము ఏ చౌక్‌లోను మా కంటబడలేదు. మాట మాత్రము మిగిలినది. రాజభవనము నేటికిని అల్ముదైనాయే. అరబ్బీలో చిన్న కోట అని అర్థము.

మనసు కలతపడుట సహజము. అయితే 902లోను ఎవరో ఓడినారు గదా! పైగా మయోర్ చౌక్ వెలసినది ఇన్‌క్విజిషన్ భవనమున్న చోట. ఆ న్యాయపీఠము తీర్పుపై 1691లో 30 మందికి పైగా యూదు వంశీకులు ప్రాణములు కోల్పోయినారు. మన గాయమొక్కటే గాయమనువారు ఆ కమానుల నీడలో ఒక గడియ కూర్చుండవలెను.

మమ్ములను ఎక్కువసేపు నిలిపినది సాన్ ఫ్రాన్సెస్క్ చౌక్. అక్కడి చర్చిలో కాటలాన్ సాహిత్యమునకు ఆద్యులలో ఒకడైన రామోన్ లుల్ సమాధి ఉన్నది. అరబ్బీ నేర్చుటకై ఆయన ఒక ముస్లిం బానిసను కొన్నాడు. సుమారు 9 ఏండ్లు అతనివద్ద చదివినాడు. క్రీస్తును దూషించెనని ఒకనాడు ఆ గురువునే కొట్టినాడు. గురువు కత్తితో తిరగబడి చెరసాల పాలై, అక్కడ ఉరివేసుకొన్నాడు. లుల్ చెప్పి వ్రాయించిన జీవితకథలో ఇదంతయు ఉన్నది, గురువు పేరు తప్ప. ఆ చదువు బలముతోనే 1276లో మిరమార్‌లో 13 మంది సన్న్యాసులు అరబ్బీ నేర్చుటకు మఠము వెలసినది. ఉద్దేశము మతప్రచారమే, దాచనక్కరలేదు.

రాజునకు గుర్రమును విగ్రహమును ఉన్నవి. ఉండనిండు. సాన్ ఫ్రాన్సెస్క్ చౌక్‌లో ఒక చిన్న రాయి కూడ నాటవలెనని మా అభిప్రాయము. పేరు తెలియదు గనుక 'అరబ్బీ పంతులు' అని చెక్కినను చాలును. మేమును పంతుళ్ళమే గనుక ఈ పక్షపాతమును పాఠకులు మన్నింతురు గాక.